అబ్బాయికి 18 నిండితే మన బాధ్యత తీరినట్టేనా?

"18 నిండగానే ఇక్కడ అమెరికాలో పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళిపోతారట కదా అన్నా, మావాడికి వచ్చే మార్చితో నిండుతాయి, మా ఆవిడకి ఒకటే టెన్షన్" అని మీరు రాశారు. చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఇండియా నుంచి కొత్తగా దిగిన ప్రతి ఇంట్లోనూ ఇదే భయం. వాడెక్కడికీ వెళ్ళడండీ. వెళ్ళాలంటే అద్దె కట్టాలి, అద్దె కట్టాలంటే సంపాదించాలి, హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల వర్క్ వీసా వెంట వచ్చే డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లాడు ఇక్కడ ఉద్యోగం చేయడానికే లేదు. (క్యాష్ ఇస్తారట అని ఏ గ్రోసరీ షాపుకో పంపకండి, వీసాకే ఎసరు వస్తుంది.) మీరు భయపడాల్సింది వాడు వెళ్ళిపోతాడని కాదు, వాడి కోసం మీరు పెట్టబోయే సంతకాల గురించి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతాది మీరే చూసుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 18కే మేజర్, నెబ్రాస్కాలో 19, మిసిసిపీలో 21. మా టెక్సాస్‌లో 18 నిండేదాకా, లేదా హైస్కూల్ పూర్తయ్యేదాకా, ఏది తర్వాతైతే అప్పటిదాకా పోషించాలి. వైకల్యం ఉన్న పిల్లల సంగతి వేరు. ఆ తర్వాత కాలేజీ ఫీజు మీరే కట్టి తీరాలని ఇక్కడి చట్టం అనదు. మన ఇండియాలో హిందువులకి 1956 నాటి దత్తత, పోషణ చట్టం ప్రకారం, పెళ్ళికాని కూతురు సొంతంగా బతకలేని స్థితిలో ఉంటే మేజరైనా తండ్రి పోషించాల్సిందే, పెళ్ళి ఖర్చుతో సహా. ఇక్కడ అలాంటిదేం ఆశించకండి. మందుకీ సిగరెట్టుకీ 21. హెల్త్ ఇన్సూరెన్స్‌లో మాత్రం మీ ప్లాన్ కింద 26 దాకా ఉంచుకోవచ్చు. హెచ్-4 మటుకు 21తో అయిపోతుంది, ఆ లోపే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మార్చుకోవాలి, అటార్నీతో ఇప్పుడే మాట్లాడండి.

ఇక నా సంగతి. మా పెద్దాడు రెండో ఏడాది హాస్టల్ వదిలి నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటామన్నాడు. తలా ఒక గది, అద్దెలో నాలుగో వంతు, బాగానే కలిసొస్తుందనుకున్నాను. పిల్లలకి ఆదాయం లేదు కాబట్టి హామీదారు కావాలని లీజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో లింకొచ్చింది. ఆఫీసులో లంచ్ టైములో, ఒక చేత్తో పులిహోర డబ్బా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో పేజీలు కిందికి తోసేసి పసుపుపచ్చగా కనిపించిన చోటల్లా సంతకం నొక్కేశాను. ఉద్యోగంలో కాంట్రాక్టులు కామాతో సహా చదివేవాణ్ణి, ఇది చదవలేదు.

సెమిస్టర్ మధ్యలో ఒక కుర్రాడు చదువు మానేసి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. ఇంకొకడి తండ్రి ఫోనెత్తడం మానేశాడు. నలుగురు హామీదారుల్లో ఫోనెత్తేవాణ్ణి నేనే కాబట్టి అద్దె బాకీలూ, డ్యామేజీ బిల్లులూ అన్నీ నాకే వచ్చేవి. "మావాడి వాటా కట్టేశానమ్మా" అంటే లీజింగ్ ఆఫీసావిడ చాలా మర్యాదగా "ఈ లీజులో వాటాలు లేవండీ, మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే" అంది. అసలు మావాడి గదిలో ఏం డ్యామేజీ రాశారో చెప్పండి అంటే, ఆ వివరాలు మీ అబ్బాయినే అడగండి, ఆయన మేజరు కదా అంది! డబ్బులకి మటుకు నేను. కట్టకపోతే నా క్రెడిట్ స్కోరు పోతుంది, అప్పుడే ఇంటి లోన్‌కి అప్లై చేసి ఉన్నాం. లీజు అయ్యేదాకా ఎక్కువ కడుతూనే వచ్చాను. ఆ తండ్రి తర్వాత గుళ్ళో కనిపించి బావున్నారా అన్నాడు, అది వేరే కథ.

కాబట్టి గదికి ఒక లీజు విడిగా రాసే చోటే చూడండి, కాలేజీల చుట్టుపక్కల అలాంటివి ఉంటాయి. అద్దె నెలకి వంద ఎక్కువైనా నష్టం లేదు.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. పిల్లల పేరున వేస్తే పన్ను కలిసొస్తుందని ఎవరో పాట్‌లక్‌లో చెబితే, చిన్నాడి పేరున యూటీఎంఏ ఖాతా (పిల్లాడి సొమ్ముని వాడు పెద్దయ్యేదాకా పెద్దవాళ్ళు చూసే ఖాతా) తెరిచి బోనస్ వచ్చినప్పుడల్లా వేశాను. అందులో వేసిన పైసా మనది కాదు, టెక్సాస్‌లో 21 నిండగానే పిల్లాడి చేతికి వెళ్ళిపోతుంది. వాడు దాంతో కెమెరాలూ లెన్సులూ కొన్నాడు. అడిగితే "నా పేరునే ఉంది కదా నాన్నా" అన్నాడు, తప్పేముంది. మీకు దాచాలని ఉంటే చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతా చూడండి, మీరు తెరిస్తే అది మీ చేతిలోనే ఉంటుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఫెడరల్ ఎయిడ్‌కి (కాలేజీ ఖర్చుకి కేంద్ర ప్రభుత్వమిచ్చే సాయానికి) వెళ్తే మరీ తేడా తెలుస్తుంది. పిల్లాడి పేరున ఉన్న పొదుపులో 20 శాతం చదువుకి కట్టగలరని లెక్కేస్తారు, మన పేరున ఉన్నదాంట్లో ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. కాలేజీవాళ్ళు మార్కులు మనకి చూపించరుగానీ, ఆ ఎయిడ్ లెక్కల్లో మామూలుగా 24 ఏళ్ళదాకా మన జీతం అడుగుతారు.

మార్కులంటే గుర్తొచ్చింది, కాలేజీలో చేరిన రోజు నుంచీ, 17 ఏళ్ళైనా సరే, రికార్డుల హక్కు వాడిదే. ఫీజు పోర్టల్లో మిమ్మల్ని చేర్చమని చేరినప్పుడే చెప్పండి. ఆస్పత్రులూ అంతే. 18వ పుట్టినరోజు కాగానే, వాడి తరఫున వైద్య నిర్ణయాలు మీరు తీసుకునేలా మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి, టెక్సాస్‌లో నోటరీ ముందు గానీ ఇద్దరు సాక్షుల ముందు గానీ చేస్తే చాలు.

ఇన్ని దెబ్బలు తిన్నా ఇద్దరినీ ఎవరి దగ్గరా చేయి చాచకుండా చదివించాం లెండి. మీరూ చదివిస్తారు, కాస్త అడిగి చేస్తే. క్రెడిట్ కార్డుకి కోసైన్, అంటే హామీ సంతకం అడుగుతాడు, 21 లోపు సొంత ఆదాయం లేకపోతే వాడికి విడిగా ఇవ్వరు. మీ కార్డు మీదే ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చి, బ్యాంకు ఒప్పుకుంటే చిన్న లిమిట్ పెట్టండి. కారు లోన్‌కి మటుకు సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు నాకు పంపండి, నేను చదివి చెప్తాను.