వేల్స్‌లోని రినోగ్ వౌర్ కొండ ఎక్కి దిగడానికి మూడు గంటలు చాలవా?

చాలవు. రానూపోనూ 8 కిలోమీటర్లేనని, వేల్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్నోడన్ 1085 మీటర్లయితే ఇది 720 మీటర్లేనని మీరు లెక్క వేశారు. కాలిబాట బాగున్న కొండలకు ఆ లెక్క సరే. ఈ రినోగ్ కొండలకు మాత్రం ఐదు గంటలు పెట్టుకోండి, పిల్లలుంటే ఆరు.

చిక్కంతా నేలతోనే. కేంబ్రియన్ కాలపు గరుకు ఇసుకరాయి బండలు బండలుగా విరిగి పడి ఉంటుంది. వాటి మధ్య సందుల్ని హెదర్ పొదలు మోకాలెత్తున కప్పేస్తాయి. పైకి చదునుగా కనిపించే చోట అడుగేస్తే కాలు సందులోకి దిగిపోతుంది, చీలమండ మెలిపడేది అక్కడే. అందుకే అడ్డదారి అనిపించినా బాట వదలొద్దు. చీలమండను పట్టి ఉంచే బూట్లు, ఒక చేతికర్ర తప్పనిసరి.

లాన్‌బెడర్ ఊరి నుంచి ఇరుకు రోడ్డు మీద కుమ్ బఖన్ చెరువు చివరికి వెళ్తే కారు ఆపే చోటుంది. అక్కడి నుంచి ఓక్ చెట్ల మధ్యగా రోమన్ మెట్లు. పేరుకే రోమన్, నిజానికి మధ్యయుగంలో సరుకుల గుర్రాల కోసం పరిచిన బాట అంటారు. పలకలు అరిగి నున్నబడ్డాయి, తడిస్తే బాగా జారతాయి. బుల్ఖ్ తదియడ్ కనుమ దగ్గర కుడివైపు చీలే సన్నబాట లిన్ డీ చెరువుకు తీసుకెళ్తుంది. చాలామంది దారి తప్పేది ఈ మలుపు చూడకే, ఫోన్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. చెరువు ఉత్తరపు ఒడ్డున బండల మీదుగా పడమటి కొసకు వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగి శిఖరానికి ఎక్కాలి. చేతులు కూడా వాడాల్సి వస్తుంది.

దిగేటప్పుడు కింద చెరువు కనబడుతోంది కదా అని ఉత్తరం వైపు నేరుగా దిగొద్దు, అటు నిలువు రాతిచరియలు. ఎక్కిన దారినే దిగండి. పొగమంచు కమ్మితే గుర్తులేవీ కనబడవు, కాబట్టి దిక్సూచి, బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసిన ఓఎల్ 18 కాగితపు మ్యాపు దగ్గరుండాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఇంటి దగ్గరే బ్రిటన్ అత్యవసర నంబరు 999కి ‘రిజిస్టర్’ అని ఇంగ్లిషులో మెసేజ్ పంపి, వచ్చే జవాబు ప్రకారం నమోదు పూర్తి చేసుకోండి. ఆపదలో కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి 999కి మెసేజ్ వెళ్తుంది.