డ్రై క్లచ్ గలగల తగ్గించుకోవడం గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

నీ బండి క్లచ్ గలగలమంటోందని నువ్వు పంపిన రికార్డింగ్ మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. మీ అత్తయ్య వంటింట్లోంచి "స్టీలు సామాన్ల బండి వచ్చిందా?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు, 2009 నాటి డుకాటీ మాన్‌స్టర్ 1100 బైకు క్లచ్ చప్పుడు అలాగే ఉంటుంది. కొత్తలో కూడా అది కొంత మోగుతుంది. అందుకే ముందే చెబుతున్నా, దాని నోరు పూర్తిగా మూయించాలని పట్టుదలకు పోకు. అరుగుదల వల్ల పెరిగిన మోతని తీసేస్తే చాలు.

జయపురంలో నీ బండి చుట్టూ చేరేవాళ్లలో ఎవడో ఒకడు "కాస్త ఆయిల్ పొయ్యి, అదే సర్దుకుంటుంది" అనే ఉంటాడు. వాడికి తెలిసిన బుల్లెట్, రాజ్‌దూత్, స్ప్లెండర్ క్లచ్‌లన్నీ ఆయిల్లో మునిగి తిరిగేవే, అందుకని ఆ సలహా. నీది ఆయిల్ తగలకుండా తిరిగే పొడి (డ్రై) క్లచ్. దాంట్లో ఆయిల్ గానీ, గ్రీజు గానీ, చెయిన్ స్ప్రే గానీ పడితే ప్లేట్లు జారతాయి. సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుంటే రేసు పెరుగుతుంది, బండి మాత్రం కదలనంటుంది.

ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో చెబుతాను విను. ఇంజిన్‌తో పాటు తిరిగే బాస్కెట్ అనే గిన్నె అంచు చుట్టూ గాడులుంటాయి. పట్టు కోసం ఉండే ఫ్రిక్షన్ ప్లేట్ల అంచున పొడుచుకొచ్చిన చెవులు ఆ గాడుల్లో కూర్చుంటాయి. ప్లేటు జారి కదలాలి కాబట్టి చెవికీ గాడికీ మధ్య కొంచెం సందు వదలక తప్పదు. నీ ఇంజిన్ 90 డిగ్రీల రెండు సిలిండర్లది, పేలుళ్లు 270 డిగ్రీలకొకటి, 450 డిగ్రీలకొకటి వస్తాయి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, ఆ ఎగుడుదిగుడు ఊపుకి ప్రతి చెవీ గాడి గోడని కొడుతుంది. ఆయిల్ క్లచ్‌లో ఆ దెబ్బని ఆయిల్ పొర మింగేస్తుంది, ఇక్కడ అది లేదు. కొట్టగా కొట్టగా అల్యూమినియం గోడలో గుంట పడుతుంది, సందు పెరుగుతుంది, దెబ్బ ఇంకా గట్టిపడుతుంది.

విప్పే ముందు చెవి పెట్టి విను. ఇంజిన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఉంచి లివర్ నొక్కు. గలగల పెరిగి, వదలగానే తగ్గితే అది ప్లేట్ల మోతే. లివర్ నొక్కినప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటే ప్లేట్లని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటులోని బేరింగ్‌ని అనుమానించు, అది మార్చడం చిన్న పని. లివర్ వదిలినా లోపల బరువైన దెబ్బలు తగులుతుంటే బాస్కెట్ బాగా అరిగి ఉండొచ్చు.

స్లో కూడా చూసుకో. పెట్రోలు మిగులుతుందని మనవాళ్లు స్లో బాగా తగ్గించేస్తారు. ఈ ఇంజిన్‌కి అది పనికిరాదు. హ్యాండ్‌బుక్‌లో చెప్పిన రేసుకి పెట్టు, రెండు సిలిండర్లకీ గాలి సమానంగా అందేలా థ్రాటిల్ సింక్ చేయించు. ఒక్క రూపాయి పార్టు కొనకుండానే మోత కొంత దిగుతుంది.

ఇక విప్పడం. ముక్కుకి మాస్క్ కట్టుకో. కవర్ తియ్యగానే నల్లటి పొడి కనిపిస్తుంది, కంప్రెసర్ గాలి కొట్టి దాన్ని ఊరంతా పంచకు, బ్రేక్ క్లీనర్ చల్లిన గుడ్డతో తుడిచెయ్యి. స్ప్రింగుల బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. ప్లేట్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ పాత పేపరు మీద అదే వరసలో పెట్టు. వాటిలో కొద్దిగా వంపున్న స్టీలు ప్లేటు ఉంటుంది, దాని చోటు, వైపు మారకూడదు.

ఫ్రిక్షన్ ప్లేట్ కొత్తది సుమారు 3 మిల్లీమీటర్ల మందం. అరిగి 2.8 కంటే తగ్గితే ఇక దాని పని అయిపోయినట్టే. ఆ వంపున్నది తప్ప మిగతా స్టీలు ప్లేట్లని అద్దం ముక్క మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) వంకర చూడు. అన్నిటికన్నా ముఖ్యం గాడుల గోడలు. గోరు పెట్టి రాస్తే తట్టే గుంటలు, అంచున లేచిన ముళ్లు ఉంటాయి. ఆ ముళ్లని సన్న ఆకురాయితో తియ్యొచ్చు, దాంతో ప్లేటు పట్టేయకుండా జారుతుంది. గుంట పోయేదాకా గోడంతా రాయకు, సందు మరింత పెరిగి మోత ఎక్కువవుతుంది.

గుంటలు లోతుగా ఉంటే బాస్కెట్, ప్లేట్లు కలిపే మార్చాలి. పాత బాస్కెట్‌లో కొత్త ప్లేట్లు వేసి డబ్బు మిగిల్చామనుకునేవాళ్లు నాకు నచ్చరు. ఆ గుంటల్లో కొత్త చెవులు కూడా త్వరగా పాడైపోతాయి. బయట తయారయ్యేవాటిలో 48 పళ్ల బాస్కెట్లు దొరుకుతాయి. ఒరిజినల్‌లో 12 చోట్ల పడే బరువు వాటిలో ఎక్కువ పళ్లకి పంచబడుతుంది కాబట్టి నెమ్మదిగా అరుగుతాయి, చప్పుడు కూడా తక్కువ. వాటికి సరిపడే ప్లేట్లే కొనాలి, పాతవి అందులో కూర్చోవు. స్టీలు బాస్కెట్ బరువు, కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఘాట్ రోడ్ల మీద తిరిగే నీకు నేనైతే అదే చెబుతాను.

బాస్కెట్ బోల్టులకి త్రెడ్‌లాక్, అంటే వదులు కాకుండా పట్టే జిగురు, ఉంటుంది. హీట్ గన్‌తో వేడి చేశాకే పాన పెట్టు. తిరగకుండా ఆపడానికి స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య దూర్చకు, విరుగుతాయి. సరైన హోల్డింగ్ టూల్ తెప్పించుకో. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగు బోల్టుల దగ్గర బలం చూపించకు, అవి పట్టే అల్యూమినియం స్తంభాలు సున్నితం.

ప్లేట్లు ఆయిల్‌తో తడిసి కనిపిస్తే పైవన్నీ ఆపి, ముందు పుష్‌రాడ్ (లివర్ నొక్కితే క్లచ్‌ని తోసే కడ్డీ) ఓరింగులు, షాఫ్టు సీలు మార్పించు. లీకు ఆగకుండా కొత్త సామాను పెడితే అదీ పోతుంది.

బయటి కవర్ విషయం: నీకు అమ్మినవాడు తెరిచిన కవర్ పెట్టి ఉంటే దాన్ని తీసి కంపెనీ మూసిన కవర్ వెయ్యి. చప్పుడు సగం అక్కడే ఆగుతుంది. వానాకాలం బురద కూడా లోపలికి పోదు. కుర్రాళ్లకి ఆ తెరిచిన కవర్ మోజు ఎందుకో నాకర్థం కాదు.

రైలు గేటు దగ్గర లివర్ నొక్కుకుని నిలబడకు, న్యూట్రల్ వేసి వదిలెయ్యి. ఘాట్‌లో సగం క్లచ్ మీద నెమ్మదిగా పాకించినా ప్లేట్లు కాలిపోతాయి, వాటిని చల్లబరిచేది గాలి ఒక్కటే.

ఆదివారం విప్పి గాడుల గోడలు దగ్గరగా కనిపించేలా ఫోటోలు పంపు. ఆర్డర్ మాత్రం నేను చూశాకే పెట్టు, అడ్వాన్స్ కట్టేశాక అడిగితే లాభం లేదు.

మీ మావయ్య