టెసరాక్ట్‌ను కంపైల్ చేయబోయే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

మా నాన్నగారు కత్తిరించి దాచిన వారపత్రికల సీరియళ్లను స్కాన్ చేసి, కంప్యూటరు చేత చదివించి, వెతుక్కోవడానికి వీలైన అక్షరాలుగా మార్చబోతున్నావనీ, అందుకోసం బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్ అనే ప్రోగ్రాము సోర్సు (మనుషులు రాసిన కోడ్) తెచ్చుకుని నువ్వే కంపైల్ చేయబోతున్నావనీ, అంటే కంప్యూటరు నడపగల రూపంలోకి మార్చబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ కట్టలను అటక మీది నుంచి దించాలన్న ఆలోచన ఆయన కొడుకులం ఇద్దరికీ ఇన్నేళ్లలో రాలేదు. అయితే ఫోను పెట్టేశాక ఇంకో సంగతి గుర్తొచ్చి గుండె గుభేలుమంది. మీ ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, ఎరువుల షాపులో రైతుల అప్పు ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. ఈ ఉత్తరం సగం ఆ భయంతో రాస్తున్నదే.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. మీ కంప్యూటరు నడిచే ఉబుంటు 22.04 సిస్టంలో దొరికేది టెసరాక్ట్ 4.1.1 వెర్షన్, నీకు కావలసింది 5. బిల్డ్ ఎసెన్షియల్, ఆటోమేక్, లిబ్‌టూల్, పీకేజీ కాన్ఫిగ్ అనే కంపైల్ పనిముట్ల ప్యాకేజీలను, ఉబుంటులో ప్రోగ్రాములు తెచ్చిపెట్టే ఆప్ట్‌తోనే తెచ్చుకో. టెసరాక్ట్ బొమ్మలను తెరవడానికి వాడుకునే లెప్టోనికా లైబ్రరీని కూడా అలాగే తెచ్చుకో, అక్కడ ఉన్న 1.82 చాలు, దాన్ని కూడా సోర్సు నుంచి కట్టాలని ఉబలాటపడకు. తరువాత ఆటోజెన్, కాన్ఫిగర్ (కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసేది), మేక్ (కంపైల్ చేసేది) అనే ఆదేశాలు వరుసగా నడుస్తాయి. "లెప్టోనికా 1.74 లేదా అంతకంటే కొత్తది కావాలి" అని కాన్ఫిగర్ ఆగిపోతే లెప్టోనికా లేదని కంగారుపడవద్దు, పేరు చివర "డెవ్" అని ఉండే ప్యాకేజీ వేయలేదన్నమాట, కంపైల్ చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్లు అందులో ఉంటాయి. ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే "జె"ను మేక్‌కు ఇచ్చేటప్పుడు పక్కన అంకె వేయడం మరవకు. అంకె లేకపోతే వీలైన పనులన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టి, ర్యామంతా మింగేసి, మౌసును కూడా కదలనివ్వదు.

ఇక అసలు సంగతి. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ (ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలన్నది) చెప్పే చోట నీ హోమ్ డైరెక్టరీలో కొత్తగా ఒక ఫోల్డరు పెట్టుకుని దాని పేరు ఇవ్వు. అప్పుడు మేక్ ఇన్‌స్టాల్‌కు సుడో (యంత్రం మొత్తం మీద అధికారం ఇచ్చే ఆదేశం) అవసరమే ఉండదు. ప్రోగ్రాము, లైబ్రరీ, డేటా అన్నీ ఆ ఫోల్డరులోకే పోతాయి, వద్దనుకున్న రోజున ఫోల్డరు తీసేస్తే సరిపోతుంది. ప్రిఫిక్స్‌గా యూఎస్ఆర్ డైరెక్టరీని మాత్రం ఎప్పుడూ ఇవ్వకు. అది ఆప్ట్ సొంత స్థలం. అక్కడ నువ్వు పెట్టిన ఫైలు సంగతి ఆప్ట్‌కు తెలియదు, అప్‌డేట్ వచ్చినప్పుడు దాని మీద తన ఫైలు రాసేస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. నేను ఉద్యోగంలో ఉండగా మా సెక్షన్‌లో చురుకైన కుర్రవాడు ఒకడు చేరాడు. సెంటాస్ 7 అనే లినక్స్ నడిచే యంత్రం వాడి చేతికిచ్చాం, సెక్షన్ జీతాల బిల్లులు కూడా దాని మీదే తయారయ్యేవి. దానిలో ఉన్నది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్. వాడికి 3 కావలసి వచ్చి, సోర్సు తెచ్చి, రూట్‌గా, అంటే పూర్తి అధికారంతో, లాగిన్ అయి, యూఎస్ఆర్‌లోకే ఇన్‌స్టాల్ చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "పైథాన్" అని కొడితే ఇంకా 2.7 వస్తోందని విసుక్కుని, ఆ పేరుతో ఉన్న లింకును తీసేసి 3 వైపు తిప్పాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియలేదు. తరువాత ఏదో చిన్న ప్యాకేజీ కోసం, సెంటాస్‌లో ఆప్ట్ లాంటిదైన యమ్ నడిపితే, "ఎక్సెప్ట్ కీబోర్డ్ ఇంటరప్ట్, ఇ" అన్న వరుసను చూపించి సింటాక్స్ ఎర్రర్ అంది. యమ్ పైథాన్ 2లో రాసిన ప్రోగ్రాము. ఆ వరుసలోని కామా పైథాన్ 2లో చెల్లుతుంది, 3లో చెల్లదు.

అప్పుడైనా లింకును వెనక్కి తిప్పి ఉంటే నిమిషంలో తేలిపోయేది. వాడు ఎవరికీ చెప్పలేదు. నెలాఖరు, బిల్లులు వెళ్లాలి, తిడతామని భయం. పైథాన్‌దే తప్పనుకుని, దాన్ని తీసేసి మళ్లీ వేద్దామని ప్యాకేజీలను నేరుగా వేసే, తీసే ఆర్‌పీఎమ్ అనే ప్రోగ్రాముతో 2.7ను తొలగించబోయాడు. దీని మీద ఆధారపడినవి ఇన్ని ఉన్నాయని అది ఒక పెద్ద జాబితా చూపించి కాదంది. ఆ జాబితా చదవకుండా, డిపెండెన్సీలు చూడవద్దన్న ఆప్షన్ చేర్చి తీసేశాడు. ఇప్పుడు పైథాన్ లేదు, పైథాన్‌ను తెచ్చిపెట్టవలసిన యమ్ కూడా పనిచేయదు. మేం చూసేసరికి వాడు స్క్రీన్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆర్‌పీఎమ్ సీ భాషలో రాసినది కాబట్టి బతికిపోయాం. ఇన్‌స్టలేషన్ డీవీడీ వెతికి, అందులోని ప్యాకేజీలను ఒకదాని వెనుక ఒకటిగా చేత్తో ఎక్కించి రాత్రికి యంత్రాన్ని నిలబెట్టాం. ఉన్న పైథాన్ పేరు చెడగొట్టకుండా కొత్తది పక్కన పెట్టుకోవడానికి మేక్ ఆల్ట్ ఇన్‌స్టాల్ అనే దారి పైథాన్ సోర్సులోనే ఉంది, రీడ్‌మీలో రాసి కూడా ఉంది. వాడు రీడ్‌మీ తెరవలేదు. నువ్వు తెరుస్తావని నాకు తెలుసు, చిన్నప్పుడు మందు సీసా మీది అక్షరాలన్నీ చదివితే గానీ మందు మింగేదానివి కాదు. ఏదైనా చెడితే ఆ క్షణమే చేతులు కీబోర్డు మీది నుంచి తీసి నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా ఏమీ అనను.

సుడో వద్దనడానికి ఇంకో కారణం ఉంది. కంపైల్ చేయడమంటే ఎవరో రాసిన స్క్రిప్టులను నీ యంత్రం మీద నడపడమే. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. దాన్ని పనిచేయించే స్క్రిప్టు అందరూ చూసే గిట్ రిపాజిటరీలో (సోర్సు దాచే చోట) లేదు, విడుదల చేసిన టార్ ఫైళ్లలో మాత్రమే పెట్టారు, అది బిల్డ్ సమయంలో మేల్కొనేది. దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నాడు. కాబట్టి సోర్సును టెసరాక్ట్ వారి సొంత రిపాజిటరీ నుంచే తెచ్చుకో. ఎవరో జిప్ చేసి పంచిపెట్టినది వద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక వెర్షన్ అడిగి చూడు. టెసరాక్ట్ అంకె కింద లెప్టోనికా వరుస, ఆ కింద లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌టిఫ్ పేర్లు కనబడాలి. అవి లేకపోతే నీ స్కాన్ ఫైళ్లను తెరవలేదు. పైన 4.1.1 అని వస్తే నువ్వు నడిపినది ఉబుంటుదే, ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితా అయిన పాత్‌లో నీ ఫోల్డరు ముందు చేరలేదన్నమాట. తెలుగు డేటా ఫైలు సోర్సుతో రాదు, విడిగా తెచ్చి నీ ఫోల్డరులోని టెస్‌డేటాలో పెట్టాలి. ఉబుంటు ప్యాకేజీలో ఇచ్చేది "ఫాస్ట్" రకం. నువ్వు "బెస్ట్" రకం తెచ్చుకో, నెమ్మదిగా నడుస్తుంది గానీ మెరుగ్గా చదువుతుంది. నిజం చెప్పాలంటే 4కూ 5కూ మధ్య నువ్వు ఆశిస్తున్నంత తేడా తెలుగులో కనిపించకపోవచ్చు, ఎందుకంటే న్యూరల్ నెట్‌వర్క్ ఇంజన్ 4తోనే వచ్చింది, రెండూ అవే డేటా ఫైళ్లను వాడతాయి. ఇది చెప్పి నిన్ను ఆపాలని కాదు. కంపైల్ చేయడం నేర్చుకో, అది నీకు ముందు ముందు పనికొస్తుంది.

నాన్నగారు ప్రతి కత్తిరింపు మూలనా నీలం సిరాతో వారం నంబరు వేసేవారు, కొన్నిచోట్ల అది అచ్చు మీదికి పాకింది. అప్పటి లెటర్‌ప్రెస్ అచ్చులో ఒత్తులు కూడా విరిగి ఉంటాయి. 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చెయ్యి, సిరా పడిన మూలను కత్తిరించాకే టెసరాక్ట్‌కు ఇవ్వు. బిల్డ్ చేసిన సోర్సు ఫోల్డరును వెంటనే పారేయకు, అన్‌ఇన్‌స్టాల్ చేయవలసి వస్తే అక్కడి నుంచే చేయాలి.

మొదలుపెట్టే ముందు షాపు ఖాతాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అది తెరుచుకుంటోందో లేదో ఇంకో కంప్యూటరులో చూసి, మీ నాన్న చేతికివ్వు. మొదటి పేజీని ఫాస్ట్ డేటాతో ఒకసారి, బెస్ట్ డేటాతో ఒకసారి చదివించి, రెండు ఫైళ్లూ, స్కాన్ కూడా నాకు పంపు.

మీ పెదనాన్న