లెక్క చివరి నుంచి మొదలుపెట్టు

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

ఆదివారం కూకట్‌పల్లి వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని ఫ్యాక్టోరియో అనే, ఫ్యాక్టరీ కట్టే కంప్యూటర్ ఆటను గంటసేపు చూశాను. ఆడుతున్నవాడి చేతికి అడ్డం పడకూడదని ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ సర్క్యూట్లు చేసే మెషిన్ల వరుసే కళ్ళముందు మెదులుతోంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు గని దగ్గర మొదలుపెడుతున్నావు. ఖనిజం కనబడగానే డ్రిల్లులు దించుతావు, ఆ ఖనిజం ఫర్నేసులో కరిగి వచ్చిన రేకులతో ఏం చేయాలో తర్వాత ఆలోచిస్తావు. బాలానగర్ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు షిఫ్టు నడిపినవాణ్ణి, నా మాట విను. బయటికి ఎంత సరుకు పోవాలో ముందు తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రా.

ఆటలో పరిశోధనకు ఖర్చయ్యే ఎర్ర సైన్స్, పచ్చ సైన్స్ ప్యాకులు నీకు సెకనుకు ఒక్కొక్కటి కావాలనుకుందాం. ఎర్రదానికి రెండు ఇనుప రేకులు, ఒక రాగి రేకు పడతాయి. పచ్చదానికి ఇన్సర్టర్ (సరుకు ఎత్తి అందించే మరచేయి), సరుకు మోసే బెల్టు కావాలి, అవన్నీ విడదీసి చూస్తే ఇనుము అయిదున్నర, రాగి ఒకటిన్నర. మొత్తం ఇనుము ఏడున్నర, రాగి రెండున్నర. అంటే ఇనుముకు 24 రాతి ఫర్నేసులు, రాగికి 8. కరెంటు డ్రిల్లులు ఇనుముకు 15, రాగికి 5. పసుపు బెల్టు రెండు పక్కలూ కలిపి సెకనుకు 15 మోస్తుంది కాబట్టి నీ ఇనుమంతా బెల్టులో ఒక పక్కకే సరిపోతుంది. మొదటి రకం తయారీ మెషిన్లయితే ఎర్రదానికి 10, పచ్చదానికి 12 పెట్టు. ఇంత చిన్న లెక్క కాగితం మీద వేసుకోకుండా నువ్వు 40 డ్రిల్లులు దించావు నాన్నా!

ఇక ఆ సర్క్యూట్ల సంగతి. ఇనుము బెల్టు కిక్కిరిసి ఆగిపోయి ఉంది. ఇన్సర్టర్ చేయి మాత్రం రాగి తీగ కోసం గాలిలో ఎదురుచూస్తోంది. నువ్వు అది చూసి రాగి గనికి పరుగెత్తావు. రాగికి లోటు లేదు, తీగ తీసే మెషిన్లకే లోటు. ఒక సర్క్యూట్‌కు మూడు తీగలు కావాలి, తీగ మెషిన్ ఒక్కో విడతకు రెండే ఇస్తుంది, రెండింటికీ పట్టే సమయం ఒకటే. కాబట్టి రెండు సర్క్యూట్ మెషిన్లకు మూడు తీగ మెషిన్లు ఉండాలి. నువ్వు ఒకటే పెట్టావు. తీగను బెల్టు ఎక్కించకు కూడా. ఒక రేకు రెండు తీగలవుతుంది, బెల్టు మీద రెట్టింపు చోటు తింటుంది. తీగ మెషిన్ నుంచి సర్క్యూట్ మెషిన్‌లోకి ఇన్సర్టర్‌తో నేరుగా అందించు.

ఆగి నిండిపోయిన బెల్టును చూసి భయపడకు, దాని అర్థం వెనక సరుకు ఉందనే. ఖాళీ ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్ళి చూడు. వేసవిలో మన అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులవాళ్ళు కుళాయిలన్నీ తిప్పితే పైన సన్నగా పడుతుంది చూశావా, బెల్టు చివరి మెషిన్ల గతీ అదే. ముందున్నవి తిన్నాక మిగిలిందే వాటికి.

కరెంటు తగ్గితే దానితో నడిచేవన్నీ నెమ్మదిస్తాయి. ఒక బాయిలర్‌కు రెండు స్టీమ్ ఇంజన్లు గుర్తుంచుకో. మెషిన్ల వరుసలు ఒకదానికొకటి అంటించి కట్టకు, రేపు ఇంకో బెల్టు లాగాలంటే దారి ఉండదు.

వచ్చే ఆదివారం వస్తాను. ఈలోగా ఆ తీగ మెషిన్లు రెండు పెంచి, ఇనుము బెల్టు కదిలిందో లేదో ఫోనులో చెప్పు.

నీ తాతయ్య