పురిటికి వస్తున్న పిల్లకు పాలు పడాలంటే

చెల్లీ,

పిల్ల నెలాఖరుకు పురిటికి వస్తోందని విన్నాను. ముప్పై ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా పల్లెలు తిరిగినదాన్ని కదా, మనసు ఆగక ముందే రాస్తున్నాను. బాలింతకు పాలు పడటం సగం ఇంట్లో పెద్దాడవాళ్ల చేతుల్లో ఉంటుందే.

బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. ఆపరేషన్ అయితే అదే తప్పిపోతుంది. మన తెలంగాణలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. నడుం కింద తిమ్మిరి వదలకపోయినా, పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే తల్లి పాలివ్వగలదు. అక్కడ నువ్వుండు.

మొదట వచ్చే పచ్చటి ముర్రుపాలు పారబోయనివ్వకు. నా పెద్దోడికి అమ్మ మూడు రోజులు చక్కెరనీళ్లే పట్టింది, గుర్తుందా? చెడ్డపాలని నమ్మింది పాపం. నాకూ అప్పటికి తెలియదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, బిడ్డ గోలీకాయంత పొట్టకు చెంచాడే చాలు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించొద్దు.

ఇక అసలు సంగతి. బిడ్డ రెండుసార్లు గట్టిగా ఏడవగానే చూడవచ్చినవాళ్లు "పాలు చాలట్లేదేమో" అంటారు. ఆ మాటతో తల్లికి టెన్షన్, సాయంత్రానికి డబ్బా పాలు. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ చీకుతుంది. చీకడం తగ్గితే ఊరడమూ తగ్గుతుంది. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు ఉచ్చ పోసి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆ మాట అన్నవాళ్లకు నువ్వే జవాబు చెప్పు, పిల్లదాకా పోనివ్వకు.

పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించకు. కారప్పొడి అన్నమే కాదు, పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టు. బిడ్డకు మాత్రం ఆరు నెలలదాకా ఎండాకాలమైనా నీళ్లు వద్దు.

నాకు ఎక్కువ దిగులు అత్తగారింటికి వెళ్లాకే. పత్తి తీసే రోజుల్లో మూడు నెలల బాలింతలు రవిక తడిసిపోతుంటే గట్ల మీద ఇంటికి పరుగెత్తడం చూశాను. కొందరికి ఆ పరుగు కుదరకే పాలు ఆగిపోయాయి. పనికి వెళ్లక తప్పకపోతే, చేతులు కడుక్కుని శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి చల్లటి చోట ఉంచితే నాలుగు గంటలలోపు చెంచాతో పట్టొచ్చు. కానీ ఆరు నెలలు చేను పని వద్దని వియ్యపురాలితో ముందే మాట్లాడటం మేలు. నీకు మొహమాటమైతే, పిల్లను పంపే రోజు నేనొస్తాను.

మీ అక్క