డ్రాకోనియన్ అని ఎప్పుడు అనాలి?

కఠినమైన నియమం ప్రతిదాన్నీ డ్రాకోనియన్ అనవచ్చా, ఆఫీసు మెయిల్‌లో ఈ మాట రాయవచ్చా అని అడిగారు. నియమం కఠినంగా ఉంటే చాలదు. తప్పు చిన్నదై, దానికి వేసే శిక్ష దారుణంగా ఉన్నప్పుడే ఆ మాట వాడాలి.

క్రీస్తుపూర్వం 621 ప్రాంతంలో ఏథెన్స్‌కు తొలి లిఖిత చట్టాలు చేసిన డ్రాకో పేరు నుంచి పుట్టిన ఇంగ్లీషు విశేషణం ఇది. ఆ చట్టాల ప్రకారం కూరగాయలు, పండ్లు దొంగిలించినా మరణశిక్షేనని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎందుకంత శిక్ష అని అడిగితే, చిన్న నేరాలకు అది తగినదేనని, పెద్ద నేరాలకు అంతకు మించినది తనకు దొరకలేదని డ్రాకో అన్నాడట. తర్వాత ఏథెన్స్ పాలకుడు సోలన్ వచ్చి హత్యకు సంబంధించినవి తప్ప మిగతా చట్టాలన్నీ రద్దు చేశాడు.

బెంగళూరులో మారతహళ్లి దగ్గర నేనున్న పీజీలో రాత్రి పది దాటితే గేటు వేసేవారు. అది స్ట్రిక్ట్, అంతే. వేళకు చేరితే ఎవరికీ నష్టం లేదు. కానీ గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ కనబడితే అడ్వాన్సు మొత్తం పోయినట్టే. జ్వరంతో ఉన్న నా రూమ్మేట్ నీళ్లు కాచుకున్నందుకు అడ్వాన్సులో ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు అది. వైరింగు కాలుతుందన్న భయం నిజమే అనుకున్నా, కెటిల్ తీసేసుకుంటే సరిపోయేది. దాన్ని డ్రాకోనియన్ అనడానికి నేను ఇప్పటికీ వెనుకాడను.

చట్టాల్లో చూస్తే, విచారణ లేకుండానే నిర్బంధించడానికి వీలిచ్చిన 1919 నాటి రౌలట్ చట్టం అలాంటిదే. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ కూడా అంతే. ఆన్‌లైన్ సందేశం మరీ అభ్యంతరకరమని తేలితే చాలు, మూడేళ్ల వరకు జైలు. 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

ఈ మాట ఎక్కువగా చట్టాలకు, ఆంక్షలకు, శిక్షలకు, ప్రభుత్వ చర్యలకు ముందు వస్తుంది. కోపిష్ఠి మేనేజరు గురించి చెప్పడానికి అతకదు. ఇక మీ మెయిల్ సంగతి. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నంత మాత్రాన ఈ మాట రాయకండి, అది పెద్ద ఆరోపణ అవుతుంది. పది నిమిషాల ఆలస్యానికి రోజు జీతం కోస్తుంటే మాత్రం తప్పక రాయండి. ఆలస్యం ఎంత, కోత ఎంత అన్నవి కూడా అదే వాక్యంలో చెప్పండి.