డెంగీ వార్డులో రక్త పరీక్షలు చదివే పద్ధతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పిల్లల వార్డులో డ్యూటీ డాక్టరుగా చేరుతున్నావని, అందులోనూ డెంగీ కేసులు పెరిగే వానాకాలంలో చేరుతున్నావని తెలిసి సంతోషించాను. జబ్బు ఎంత తీవ్రంగా ఉందో రక్త పరీక్షలను బట్టి ఎలా అంచనా వేయాలని అడిగావు కనుక ఆ ఒక్క విషయమే రాస్తున్నాను.

రౌండ్లకు వెళ్లగానే తల్లిదండ్రులు అడిగేది ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయనే. వాళ్ల భయం సహజమే గానీ, నీ చూపు మాత్రం ముందు పీసీవీ మీద, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం మీద పడాలి. డెంగీలో పిల్లలను షాక్‌లోకి నెట్టేది ఎక్కువగా రక్తస్రావం కాదు, సన్నని రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. ద్రవం పోయి కణాలు మిగులుతాయి కాబట్టి రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. బిడ్డ మొదటి విలువ మీద 20 శాతం పెరిగిందంటే ప్లాస్మా బాగా కారిందన్నమాట, కానీ అంతవరకు ఆగి చూడవద్దు. పీసీవీ పెరుగుతుండగా ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు ప్రమాద సూచనల్లోనే చేర్చాయి.

మన పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అటువంటి బిడ్డకు మామూలుగా పీసీవీ 30 ఉండి, జ్వరం అయిదో రోజుకు 36 అయితే, ల్యాబ్ కాగితం మీద అది నార్మల్ గానే కనిపిస్తుంది, పక్కన నక్షత్రం గుర్తు కూడా పడదు. నిజానికి అది సరిగ్గా 20 శాతం పెరుగుదల. అందుకే జ్వరం తొలి రోజుల్లో బయట ఎక్కడైనా చేయించిన సీబీపీ (రక్తకణాల లెక్కల పరీక్ష) ఉంటే, ఆ కాగితం నలిగి మడతలు పడినా సరే, అడిగి తీసుకుని కేసు షీటుకు జత చేయి.

ప్రతి విలువ పక్కన తేదీతో పాటు అది జ్వరం ఎన్నో రోజో కూడా రాయి. తెల్లకణాలు ముందు తగ్గుతాయి, తరువాత ప్లేట్‌లెట్లు పడతాయి, ప్లాస్మా కారడం సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం దిగే వేళకు మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం తగ్గిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే నువ్వు పీసీవీ మళ్లీ మళ్లీ చూడాలి.

పీసీవీ తగ్గడం ఎప్పుడూ శుభవార్తే అనుకోకు. బిడ్డ హుషారుగా ఉండి, మూత్రం ధారాళంగా వస్తూ తగ్గితే కారిన ద్రవం తిరిగి రక్తంలోకి చేరుతోందని అర్థం. అప్పుడు సెలైన్ తగ్గించకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే నాడి బలహీనపడి, చేతులు, కాళ్లు చల్లబడుతుండగా తగ్గితే, లోపల ఎక్కడో రక్తం పోతోందని అనుమానించి వెంటనే రక్తం సిద్ధం చేయించు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు కొంత పెరగడం డెంగీలో మామూలే. ఏదైనా 1000 చేరితే అది తీవ్రమైన డెంగీ కింద లెక్క. ఎన్‌ఎస్1, ఐజీఎం అనే డెంగీ నిర్ధారణ పరీక్షలు జబ్బు ఏమిటో చెబుతాయి గానీ ఎంత ముదిరిందో చెప్పవు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) అదుపు తప్పితే విపరీతంగా పెరిగే ఫెర్రిటిన్ పరీక్ష అందరికీ రాయనవసరం లేదు. జ్వరం వారం దాటినా దిగకుండా, కాలేయం, ప్లీహం పెరుగుతూ, కణాలన్నీ పడిపోతుంటే తప్పక చేయించు.

రక్తస్రావం లేని బిడ్డకు కేవలం అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించవద్దు. దానివల్ల లాభం కనిపించలేదు, రియాక్షన్లు, ద్రవభారం మాత్రం నిజమైన ప్రమాదాలు. ఈ సంగతి తల్లిదండ్రులకు ఓపికగా, కూర్చుని చెప్పు.

ఏ పరీక్ష వచ్చేదాకా అయినా బిడ్డను చూడటం ఆపవద్దు. పై, కింది బీపీల మధ్య తేడా 20కి తగ్గితే ల్యాబ్ కోసం ఎదురు చూడకుండా చికిత్స మొదలుపెట్టాలి. రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు ప్రతి బిడ్డకూ మొదటి పీసీవీ, చివరి పీసీవీ, వాటి సమయాలు, మధ్యలో ఎక్కించిన సెలైన్, వచ్చిన మూత్రం ఒకే వరుసలో రాసి, వచ్చే డాక్టరుకు మంచం దగ్గరే నిలబడి చదివి వినిపించు.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు